ఇంటి నిల్వ, పెరటి కోళ్లు: పంట నుంచి పంట వరకు సాగే ఏర్పాటు చేసుకునే విధానం

బియ్యానికి పురుగు పట్టకుండా ఏం కలపాలి, ఎండబెట్టి దాచిన కందిపప్పు కూడా ఎందుకు పుచ్చిపోతోంది, సంతలో కొని తెచ్చిన కోడిపిల్లలు నెల తిరగకుండానే ఎందుకు చనిపోతున్నాయి అన్న ప్రశ్నలు పాఠకుల నుంచి తరచుగా వస్తున్నాయి. వీటికి సమాధానాలు ఒకేచోట చెప్పడం మేలు. నిల్వను చెరిగినప్పుడు వచ్చే నూక, తవుడు, పురుగు కొట్టిన గింజ కోళ్లకు మేతవుతాయి. నిల్వలో ఎంత సరుకున్నా దొరకని తాజా ఆహారం గుడ్ల రూపంలో పెరట్లోంచి వస్తుంది.

నలుగురున్న ఇల్లు, ఇంటి వెనుక ఒకటి రెండు సెంట్ల ఖాళీ స్థలం ఉన్నాయన్న అంచనాతో ఈ వివరాలు రాస్తున్నాము. మొదటి లక్ష్యం మూడు వారాల పాటు అంగడికి వెళ్లకుండా గడవగలగడం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది కనుక, ఈ అవసరం సముద్రతీర గ్రామాలకే పరిమితమైనది కాదు. రెండో లక్ష్యం, వీలున్నవారికి, ఏడాదికి సరిపడే తిండిగింజలను పంట సమయంలోనే కొని పాడుకాకుండా నిలుపుకోవడం. మొదటిది కుదిరిన తర్వాతే రెండోదానికి వెళ్లాలి.

1. ముందుగా ఇంటి వాడకాన్ని తూచి రాసుకోవాలి

ఎవరో ఇచ్చిన జాబితా చూసి సరుకు కొనడం వల్ల ఇంట్లో ఎవరూ తినని వస్తువులు అటక మీద మిగిలిపోతాయి. ఒక వారం పాటు రోజూ వండే ముందు బియ్యాన్ని, పప్పును తూచి, నూనెను కొలిచి ఒక నోటు పుస్తకంలో రాయాలి. వారం మొత్తాన్ని ఏడుతో భాగిస్తే రోజువారీ వాడకం తేలుతుంది.

ఉదాహరణకు రోజుకు 1.2 కిలోల బియ్యం వండే ఇంటికి 21 రోజులకు 25 కిలోల చిల్లర అవసరమవుతుంది. అంటే అంగట్లో దొరికే 26 కిలోల బస్తా ఒకటి సరిపోతుంది. రోజుకు 200 గ్రాముల కందిపప్పు వాడితే 4.2 కిలోలు, 100 మిల్లీలీటర్ల నూనె వాడితే 2 లీటర్ల పైన కొద్దిగా కావాలి. ఉప్పు, చింతపండు, ఎండుమిర్చి, పసుపు, పోపు దినుసులు, బెల్లం కూడా ఇలాగే లెక్కించాలి.

లెక్కలో సాధారణంగా మరిచిపోయేవి:

- పసిపిల్లల పాలపొడి, పెద్దవారి బీపీ, షుగర్ మందులు
- అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, టార్చి లైటు బ్యాటరీలు
- రెండో గ్యాస్ సిలిండరు, లేదా కట్టెల పొయ్యి, తడవని చోట పేర్చిన కట్టెలు
- కోళ్ల మేత

2. ఏ సరుకును ఏ నెలలో కొనాలి

పంట వచ్చిన వెంటనే కొంటే ధర తక్కువగా ఉంటుందని అందరికీ తెలుసు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. సరుకు గోదాములో ఎక్కువ కాలం ఉన్నకొద్దీ పురుగు గుడ్లు దానితోపాటే మన ఇంటికి వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఖరీఫ్ వడ్లు నవంబరు నుంచి జనవరి వరకు వస్తాయి. కొత్త బియ్యం అన్నం ముద్దగా అవుతుంది కనుక సంక్రాంతికి కొన్న బియ్యాన్ని పక్కన పెట్టి, పాతవి అయిపోయాక దాన్ని తెరవాలి. కందులు, మిర్చి, పసుపు, చింతపండు కొనడానికి జనవరి చివరి నుంచి మార్చి వరకు అనుకూలమైన కాలం. మామిడికాయ పచ్చళ్లు, ఒరుగులు, వడియాలు, చల్ల మిరపకాయలు ఏప్రిల్, మే నెలల్లో పూర్తి కావాలి. తొలకరి పడిన తర్వాత ఎండబెట్టే పని పెట్టుకోకూడదు.

వడ్లుగా నిలవచేసే వీలున్నవారు ఆ మార్గాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే గింజ మీదున్న పొట్టు పురుగుకు పెద్ద అడ్డంకి. పాలిష్ పట్టిన బియ్యం ఏడాది నిలుస్తాయి. దంపుడు బియ్యంలో తవుడు పొర మిగిలి ఉంటుంది, అందులోని నూనె వల్ల రెండు మూడు నెలలకే మక్కిన వాసన వస్తుంది కనుక వాటిని నెలకు సరిపడా మాత్రమే కొనాలి.

చిరుధాన్యాల్లో రాగులు, అంటే ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు, నిల్వకు అన్నింటికంటే మేలైనవి; పొడిగా ఉంచితే ఏళ్ల తరబడి చెడవు. కొర్రలు, సామలు పొట్టుతో ఉంటేనే నిలుస్తాయి. సజ్జ పిండి కొద్ది రోజుల్లోనే చేదెక్కుతుంది కనుక సజ్జలను గింజలుగానే ఉంచి, కావలసినప్పుడు కావలసినంతే మర పట్టించాలి.

3. చోటు, పాత్రలు సిద్ధం చేసుకోవాలి

నిల్వగదికి కావలసినవి మూడు: తేమ లేకపోవడం, నేరుగా ఎండ పడకపోవడం, ఎలుక దూరలేకపోవడం. వంటగదిలో పొయ్యి పక్కన, స్నానాల గది గోడకు ఆనించి, రేకుల కప్పు కింద సరుకు పెట్టకూడదు. బస్తాలను నేల మీద కాక జానెడు ఎత్తున్న చెక్క బల్ల మీద, గోడకు కనీసం అడుగు ఎడంగా ఉంచాలి. వరద భయమున్న చోట గడిచిన వరదలో నీరు వచ్చిన గుర్తు కంటే పైన అటకగాని, మేడ మీద గదిగాని వాడాలి.

పాత్రల విషయంలో మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాము. గోనె సంచి నిల్వ పాత్ర కాదు, అది రవాణాకు పనికివచ్చే సంచి మాత్రమే. మూత గట్టిగా బిగిసే రేకు డబ్బాలు, స్టీలు డ్రమ్ములు, ఆహారపదార్థాలకు వాడదగిన ప్లాస్టిక్ డ్రమ్ములు మంచివి. గాలి చొరబడని పాత్రను గింజతో అంచు దాకా నింపితే లోపల ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును పురుగులే వాడేసుకుని చనిపోతాయి. అదే పాత్రను సగం నింపి రోజూ మూత తీస్తుంటే ఆ ప్రయోజనం ఉండదు. అందుకే ఒక పెద్ద డ్రమ్ము కంటే నెలకు ఒకటి చొప్పున సరిపోయే చిన్న డబ్బాలు పన్నెండు ఉండటం మేలు.

నింపే ముందు పాత సరుకు పిండి, దుమ్ము, అంచుల్లోని గూళ్లు దులిపి, వేడినీటితో కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించాలి. కొత్త సరుకుకు పట్టే పురుగు చాలాసార్లు పాత డబ్బా అంచులోదే.

4. ఆరబెట్టడం, చల్లార్చడం, మూయడం

నిల్వ పాడయ్యే ఇళ్లలో పొరపాటు ఎక్కువగా ఈ దశలోనే జరుగుతుంది కనుక దీన్ని వివరంగా చెప్పుకోవాలి. వడ్లలో, బియ్యంలో తేమ 12 నుంచి 14 శాతం లోపు, పప్పుధాన్యాల్లో 10 శాతం లోపు ఉండాలి. కొలిచే యంత్రం ఇళ్లలో ఉండదు. పంటి కింద గింజ కటుక్కున విరగాలి; నలిగినట్టయితే ఇంకా ఎండాలి.

దీనికంటే నమ్మదగిన పరీక్ష ఉప్పుతో చేయవచ్చు. బాగా పొడిగా ఉన్న గాజు సీసాలో గుప్పెడు గింజలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి కొద్దిసేపు ఆడించి పావుగంట ఉంచాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే గింజలో తేమ 15 శాతానికి మించి ఉందని అర్థం. అంటుకోకుండా అడుగున రాలితే వడ్లు, బియ్యం నిల్వకు పనికివస్తాయి; పప్పుధాన్యాలను మాత్రం పంటి పరీక్షతో కూడా చూసుకోవాలి.

బియ్యం: బియ్యాన్ని ఎర్రటి ఎండలో పోయకూడదు, గింజ పగిలి నూక అవుతుంది. నీడలో, గాలి తగిలే చోట దుప్పటి మీద పలుచగా పరిచి ఒక పూట ఆరనిచ్చి, చాటతో చెరిగి, జల్లించి నింపాలి. నీడన ఎండిన వేపాకును పొరల మధ్య వేయవచ్చు, వస కొమ్ములు గుడ్డలో కట్టి పెట్టవచ్చు. ఇవి పురుగు రాకను తగ్గిస్తాయే తప్ప గింజ లోపల ఉన్న గుడ్డును చంపవు. పచ్చి వేపాకు వేస్తే దాని తేమకు బియ్యం బూజు పడుతుంది. రేషను బియ్యంలో కొద్దిగా రంగు తేడాతో కనిపించే గింజలు ప్లాస్టిక్ కావు. పోషకాలు చేర్చి తయారుచేసి వందకు ఒకటి చొప్పున కలిపిన బియ్యపు గింజలవి, వాటిని ఏరి పారేయనక్కరలేదు.

ముక్కపురుగు బియ్యపు గింజకు రంధ్రం చేసి లోపలే గుడ్డు పెడుతుంది. వేసవి వేడిలో ఆ గుడ్డు పెద్ద పురుగుగా మారి బయటికి రావడానికి నెల రోజుల చిల్లర పడుతుంది. అందువల్ల తెచ్చిన రోజున శుభ్రంగా కనిపించిన బస్తాలో నెలన్నరకు పురుగులు కనిపించడంలో వింతేమీ లేదు. అందుకే నిల్వచేసిన 30వ రోజున ఒకసారి తప్పకుండా తెరిచి చూడాలి.

కందిపప్పు, పెసలు, మినుములు, శనగలు: వీటిని మంచి ఎండలో రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. పెసల మీద, అలసందల మీద అంటుకున్న తెల్లటి చుక్కలు కనిపిస్తే అవి పురుగు గుడ్లు. వట్టి ఎండకు అవన్నీ చావవు. నల్లటి పట్టా మీద అంగుళంకంటే తక్కువ మందంగా గింజలు పరిచి, పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, నాలుగు అంచుల మీద రాళ్లు పెట్టి వేసవి మధ్యాహ్నం ఐదారు గంటలు వదిలితే లోపలి వేడి బయటి ఎండకంటే చాలా ఎక్కువై గుడ్లు, లోపలి పిల్ల పురుగులు కూడా చనిపోతాయి.

గింజలుగా ఉంచే పప్పుధాన్యాలకు, కందిపప్పుకు కిలోకు ఒక చెంచా ఆముదం పట్టించే పాత పద్ధతి నిజంగా పనిచేస్తుంది. నూనె పొర వల్ల గుడ్లకు గాలి అందదు. చేతికి కొద్దికొద్దిగా రాసుకుంటూ ప్రతి గింజకూ అంటేలా కలపాలి. వండే ముందు వేడినీటితో రెండుసార్లు కడగాలి.

పిండి, రవ్వ: వీటిని నిల్వ సరుకుగా లెక్కించకూడదు. తప్పనిసరైతే సంచితో సహా డీప్ ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచి, బయటికి తీశాక గది వేడికి వచ్చేవరకు సంచి విప్పకుండా ఆగి, తర్వాత డబ్బాలో పోయాలి.

చింతపండు, మిర్చి: చింతపండు గింజ, పీచు తీసి, ఎండబెట్టి, కళ్లుప్పు పొరలు వేస్తూ జాడీలో గట్టిగా అదమాలి. లోహపు డబ్బా వాడకూడదు, పులుపుకు తుప్పు పడుతుంది. మిర్చి తొడిమతోనే ఎండబెట్టి నిలవచేయాలి, తొడిమ తీస్తే ఆ రంధ్రంలోంచి తేమ, బూజు లోపలికి చేరతాయి.

పచ్చళ్లు: ఆవకాయ కొలతలు ఏ ఇంటివి ఆ ఇంటికి ఉంటాయి కనుక వాటి జోలికి పోవడం లేదు. ముక్క తుడిచి ఆరబెట్టడం, నూనె ముక్క పైన అంగుళం తేలడం, జాడీకి వాసెన కట్టడం, రోజువారీ వాడకానికి చిన్న జాడీలోకి వేరుగా తీసుకోవడం అనే నాలుగూ పాటిస్తే ఏడాది నిలుస్తుంది.

ఎండలో వేడెక్కిన గింజను వెంటనే డబ్బాలో పోసి మూత బిగించడం చాలామంది చేసే తప్పు. లోపలి వేడి గాలి రాత్రికి చల్లబడి మూత లోపలి వైపు నీటి చుక్కలుగా మారుతుంది, ఆ చుక్కలు గింజ మీద పడిన చోట బూజు మొదలవుతుంది. సాయంత్రం ఎత్తిన సరుకును నీడలో పలుచగా పరిచి, పూర్తిగా చల్లారిన తర్వాతే మూయాలి.

ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడని పనులు రెండున్నాయి. బోరిక్ పౌడరు బియ్యంలో కలపడం చాలా ఇళ్లలో అలవాటుగా ఉన్నా, అది ఆహారంలో కలపడానికి అనుమతి ఉన్న పదార్థం కాదు, పసిపిల్లలకు మరింత ప్రమాదకరం. గోదాముల్లో పురుగును చంపడానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇంట్లోకి తేనే కూడదు. తేమ తగిలితే వాటి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు నిద్రలో ఉన్నవారి ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు మందు లేదు.

5. నీరు, వండకుండా తినగలిగే ఆహారం

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున ఏడు రోజులకు లెక్కిస్తే నలుగురికి 140 లీటర్లు కావాలి. 20 లీటర్ల క్యాన్లు ఏడు ఉంటే సరిపోతుంది. అవి ఎప్పుడూ నిండుగా ఉండాలంటే వాడిన క్యాను ఆ రోజే నింపాలి. నీటి మీద అనుమానం ఉంటే తెర్లి మరిగిన తర్వాత మరో నిమిషం మరగనిచ్చి చల్లార్చుకోవాలి.

పొయ్యి వెలగని రోజుల కోసం అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, పల్లీలు, బెల్లం, సున్నుండలు, జంతికలు ఐదు రోజులకు సరిపడా ఉంచాలి.

6. సరుకును తిప్పడం

ప్రతి డబ్బా మీద సరుకు పేరు, నింపిన నెల రాసి అతికించాలి. కొత్తది వెనక్కి, పాతది ముందుకు జరపాలి. ఆపద కోసమని విడిగా కట్టిపెట్టిన సరుకు సాధారణంగా ఆపద వచ్చేనాటికి పాడై ఉంటుంది. కాబట్టి రోజూ వండేదే నిల్వలోంచి తీయాలి, తీసినంత మళ్లీ నింపాలి.

నెలకొకసారి చూసుకోవలసినవి:

- డబ్బా అడుగున తెల్లటి పిండి రాలిందా
- గింజల మధ్య చేయి పెడితే వెచ్చగా తగులుతోందా
- గింజలు దారాలతో ఉండలు కట్టాయా
- ముక్కిన వాసన వస్తోందా
- ఎలుక పెంటికలు, కొరికిన గుర్తులు ఉన్నాయా

పురుగు మొదలైన బియ్యాన్ని నీడలో తెల్లటి గుడ్డ మీద పరిస్తే ముక్కపురుగులు అంచులకు పాకిపోతాయి. తర్వాత జల్లించి ముందుగా వాడేయాలి, పక్క డబ్బాలను కూడా తెరిచి చూడాలి. బూజు పట్టినదాన్ని మాత్రం కడిగి, వేయించి వాడదామనుకోకూడదు. ముఖ్యంగా వేరుశనగలు, మొక్కజొన్నల మీద పెరిగే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం వంట వేడికి పోదు.

7. కోళ్లు తెచ్చే ముందు నిర్ణయించుకోవలసినవి

గుడ్ల కోసమైతే నలుగురున్న ఇంటికి ఐదారు పెట్టలు చాలు. అసలైన నాటు పెట్ట ఏడాదికి 50 నుంచి 60 గుడ్లు పెడుతుంది, పొదుగుతుంది, పిల్లలను తానే సాకుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ అనే రకం పెరటి పెంపకంలో ఏడాదికి 160 పైన గుడ్లు పెడుతుంది. వనరాజ అనే మరో రకం మాంసానికీ గుడ్లకూ రెంటికీ పనికివస్తుంది, అయితే బరువెక్కువ కనుక కుక్కల నుంచి తప్పించుకోవడంలో నిదానం. ఈ మెరుగుపరచిన రకాలు సాధారణంగా పొదగవు.

మా సూచన ఇది: నాలుగు గ్రామప్రియ పెట్టలు, రెండు నాటు పెట్టలు పెంచాలి. మొదటివి గుడ్ల కోసం, రెండోవి అవసరమైనప్పుడు పొదగేయడానికి. పిల్లలు కావాలనుకుంటేనే పుంజు ఉండాలి. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, పైగా అలాంటి గుడ్లు వేసవిలో ఎక్కువ రోజులు నిలుస్తాయి.

మేకల గురించి అడిగేవారూ ఉన్నారు. మేపడానికి బీడు గాని, కోసుకోవడానికి సుబాబుల్, అవిశ చెట్లు గాని లేని ఇంట్లో మేకను కట్టేయడం దానికీ ఇంటివారికీ కష్టమే కనుక, కోళ్లతో కనీసం ఏడాది గడిపిన తర్వాతే ఆ ఆలోచన చేయాలి.

అపార్ట్‌మెంటులో ఉన్నవారు కోళ్ల గురించిన భాగాలు వదిలి, నేరుగా పన్నెండో భాగానికి వెళ్లవచ్చు.

8. గూడు కట్టడం

పగలు పెరట్లో తిరిగే కోళ్లకు రాత్రి గూట్లో ఒక్కోదానికి ఒకటి నుంచి ఒకటిన్నర చదరపు అడుగుల చోటు సరిపోతుంది. ఆరు కోళ్లకు నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గల గూడు కట్టవచ్చు. నేలకు రెండడుగుల ఎత్తున నిలబెట్టాలి. తూర్పు పడమరలుగా పొడవు ఉంటే లోపలికి ఎండ తక్కువగా పడుతుంది.

- గూటికి కొట్టే ఇనుప జల్లెడ కన్ను అరంగుళానికి మించకూడదు. అంతకంటే పెద్ద సందులోంచి పాము దూరగలదు.
- తలుపుకు గొళ్లెంతోపాటు చీల కూడా ఉండాలి.
- కూర్చోవడానికి అంగుళంన్నర మందం గల గుండ్రటి కర్ర అడ్డంగా బిగించాలి.
- గుడ్లు పెట్టడానికి చీకటిగా ఉండే మూల, ఎండుగడ్డి పరచిన గంప ఉండాలి. నాలుగైదు పెట్టలకు ఒకటి చాలు.
- నేల మీద ఊక రెండు అంగుళాల మందాన పోసి, తడిసిన భాగాన్ని ఎప్పటికప్పుడు తీసేయాలి.

గూడు వాసన కొడుతోందంటే ఊక తడిసిందని అర్థం. సున్నం చల్లి పైపైన కప్పడం కాక, తడి ఎక్కడినుంచి వస్తోందో చూసి సరిచేయాలి.

9. పిల్లల మొదటి ఆరు వారాలు

ఒక రోజు వయసున్న పిల్లలను తల్లి లేకుండా తెచ్చినవారు ఈ ఆరు వారాలూ వాటికి వెచ్చదనం ఇవ్వాలి. మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లకు 2 వాట్ల చొప్పున లెక్కించి పాతకాలపు ఫిలమెంటు బల్బు వేలాడదీయాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు.

థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి. ముక్కు తెరిచి దూరంగా జరిగితే వేడి. అంతటా పరుచుకుని తిరుగుతూ తింటుంటే సరిగ్గా ఉంది. మూలల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చనిపోకుండా అట్టముక్కతో గుండ్రటి కంచె కట్టాలి.

మొదటి రెండు రోజులు ఊక మీద కాగితం పరచి దాని మీదే మొక్కజొన్న రవ్వ చల్లాలి, ఆ తర్వాత చిక్ స్టార్టర్ దాణా ఇవ్వాలి. నీటి పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు. కరెంటు పోయినప్పటి కోసం వేడినీళ్లు పోసిన సీసాలను గుడ్డలో చుట్టి మధ్యలో పెట్టే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

నాటు పెట్ట కింద గుడ్లు పొదగేసేవారు పది పన్నెండుకు మించి పెట్టకూడదు. ఏడో రాత్రి టార్చి వెలుగులో చూసి, రక్తనాళాలు కనిపించని గుడ్లను తీసేయాలి. 21వ రోజుకు పిల్లలవుతాయి.

10. టీకాలు

పెరటి కోళ్లు మూకుమ్మడిగా చనిపోవడానికి కొక్కెర తెగులు ప్రధాన కారణం. మెడ వంకర తిరగడం, పచ్చగా పారడం, ఊపిరి పీలుస్తూ శబ్దం చేయడం దాని లక్షణాలు. అది వచ్చాక మందు లేదు, టీకా ఒక్కటే మార్గం.

- 7వ రోజు: కంట్లో లసోటా (కొక్కెర తెగులు టీకా) చుక్క
- 14వ రోజు: గంబోరో (కోడిపిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ రోగం) టీకా
- 28వ రోజు: మళ్లీ లసోటా
- 6వ వారం: మశూచి టీకా
- 8 నుంచి 10 వారాల మధ్య: కొక్కెర తెగులుకు ఆర్2బి సూది

మారెక్స్ అనే కోళ్ల వైరస్ రోగానికి టీకా హేచరీలోనే మొదటి రోజు వేస్తారు, కొనేటప్పుడు అడిగి నిర్ధారించుకోవాలి. టీకా సీసాలు వంద డోసులు, అంతకంటే ఎక్కువ పరిమాణంలో వస్తాయి, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లకోసం సీసా తెరవడం దండుగ కనుక వీధిలో కోళ్లున్నవారందరూ ఒకే రోజు వేయించుకోవాలి. పక్కింటి కోళ్లకు రోగం రాకుండా ఉండటం మన కోళ్లకూ అవసరమే. మంచు ముక్కల మధ్య పెట్టి తెచ్చిన టీకానే వాడాలి. రెండు మూడు నెలలకొకసారి పశువైద్యుడు చెప్పిన నట్టల మందు తాగించాలి.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. చుట్టుపక్కల కోళ్లు, కాకులు ఒక్కసారిగా చనిపోతుంటే మన కోళ్లను గూట్లోనే ఉంచాలి, చచ్చినవాటిని చేతితో తాకకూడదు, కోయకూడదు, 1962 నంబరుకు గాని పశువైద్యశాలకు గాని వెంటనే తెలపాలి.

11. మేత, గుడ్లు

గుడ్లు పెట్టే కోడికి రోజుకు 110 గ్రాముల వరకు మేత కావాలి. అందులో కొంత పెరట్లో పురుగులు, గడ్డి, రాలిన గింజల రూపంలో దొరుకుతుంది, మిగిలినది మనమివ్వాలి. పెరడు చిన్నదైనకొద్దీ మనమిచ్చే వాటా పెరుగుతుంది. నూకలు లేదా మొక్కజొన్న ఐదు పాళ్లు, తవుడు రెండు పాళ్లు, వేరుశనగ చెక్క రెండు పాళ్లు కలిపి సాయంత్రం గూటికి చేరే ముందు వేస్తే కోళ్లు ఆ వేళకు అలవాటుపడి వాటంతటవే ఇంటికి వస్తాయి. ఆల్చిప్పల పొడిని విడిగా ఒక చిప్పలో ఉంచాలి.

నిల్వలో పురుగు పట్టిన గింజను కోళ్లకు నిస్సందేహంగా వేయవచ్చు. బూజు పట్టిన గింజ, చెక్క మాత్రం కోళ్లకు కూడా హాని చేస్తాయి. ఉప్పు వేసిన ఎండుచేపలు, పాడైన పచ్చళ్లు కూడా వేయకూడదు.

గుడ్లు ఉదయం, సాయంత్రం రెండుసార్లు తీయాలి. కడగకుండా పొడిగుడ్డతో తుడిచి, మొన కిందికి ఉండేలా చల్లటి చోట పెట్టాలి. కడిగితే పెంకు మీది సహజమైన పొర పోయి త్వరగా పాడవుతాయి. ఎన్నాళ్లదో తెలియని గుడ్డును నీటిలో వేసి చూడాలి, తేలితే పారేయాలి.

గుడ్లు తగ్గినప్పుడు ఈ వరుసలో కారణం వెతకాలి: నీరు రోజంతా అందుతోందా, ఈకలు రాల్చే కాలమా, పగటి వెలుగు తగ్గిన చలికాలమా, ఆల్చిప్పల పొడి అయిపోయిందా, ఒంటిమీద పేలున్నాయా, పొదల్లో ఎక్కడైనా పెడుతున్నాయా. చివరిది చాలాసార్లు నిజమవుతుంది. ఉదయం పది గంటల వరకు గూట్లోనే ఉంచితే ఆ అలవాటు మానతాయి.

12. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు

- నీటి క్యాన్లు, బిందెలు, మోటారు ఆడుతుండగానే నింపాలి.
- కింది వరుస డబ్బాలను పైకి ఎక్కించాలి, బరువైనవి ముందుగా.
- మూతల చుట్టూ టేపు చుట్టాలి.
- ఫోన్లు, టార్చి, పవర్ బ్యాంకు చార్జి చేయాలి.
- మందులు, ఆధార్, బ్యాంకు పుస్తకాలు ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టాలి.
- కోళ్లను చీకటి పడకముందే పట్టి, గంపల కింద మేడ మీద గదిలో ఉంచాలి. మూడు రోజుల మేత, నీరు పక్కనే ఉండాలి.

ఇల్లు విడిచి పునరావాస కేంద్రానికి వెళ్లవలసి వస్తే కోళ్లను కింది గూట్లో గొళ్లెం పెట్టి వెళ్లకూడదు. పైన చోటు లేకపోతే గూడు తలుపు తెరిచి వెళితే అవి చెట్టో గోడో ఎక్కి బతికే అవకాశముంటుంది.

నీరు తీశాక వరద తాకిన బియ్యం, పప్పు, పిండి, పచ్చళ్లు మనుషులకు గాని కోళ్లకు గాని పెట్టకూడదు. ఆ నీటిలో మురుగు, పెట్రోలు, పురుగుమందులు కలిసి ఉంటాయి కనుక కడిగి ఎండబెట్టినా అవి పనికిరావు. మూత ఊడని రేకు డబ్బాలను బయట బ్లీచింగ్ నీటితో కడిగి, ఆరిన తర్వాతే తెరవాలి. చనిపోయిన కోళ్లను కాలువలో వేయకుండా, బావికి దూరంగా మూడడుగులకు తగ్గని లోతు గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. గూట్లో పాత ఊకంతా ఎత్తి, నేలకు సున్నం కొట్టి, బాగా ఆరిన తర్వాత కొత్త ఊక పోసి, అప్పుడు కోళ్లను కిందికి దించాలి.